నమ్మిక – నిజము : ప్రమాణ విచారము

లోకములో నమ్మకుండ ఒక్క దినమైనను గడపలేము. పంచాంగకర్త ఏకాదశి యన్న దినమున ఉపవాసముందుము. వైద్యుడిచ్చిన మాత్రను మారు మాటాడక మ్రింగుదుము. బండి ఫలానా వేళకు వచ్చునని ఎవరో చెప్పగా మూటముల్లెలతో ముందుగానే పోయి కూర్చుందుము. వీనిలో ఏ ఒక్కదానిని మనము స్వయముగా పరీక్షించి యెరుగము. అయినను వీనినన్నింటిని ఒకే గాటను కట్టి 'నమ్మకములు' అని త్రోసివేయుట న్యాయము కాదు. కొన్ని నమ్మికలకు వెనుక ఆధారమున్నది. కొన్నింటికి అలవాటు తప్ప మరేమియు లేదు. ఈ రెంటిని వేరుచేయుట ఎట్లు?

ఇది పాశ్చాత్య విద్యతో వచ్చిన క్రొత్త ప్రశ్న యనియు, మన పెద్దలు చెప్పినదెల్ల నమ్మి ఊరకుండిరనియు నేటి యువకులు కొందరు తలంచుచున్నారు. వాస్తవమునకు, వేదాంతము చదువ గూర్చున్న బాలునకు మన పాఠశాలలలో మొదటి పాఠమే ఇది. శ్రీనివాసదాసులు రచించిన యతీంద్రమతదీపిక విశిష్టాద్వైతమునకు ప్రవేశగ్రంథము. అందు పది అవతారములు, అనగా పది ప్రకరణములు. జీవుడు, ఈశ్వరుడు, నిత్యవిభూతి మున్నగు విషయములు వెనుకటి ప్రకరణములలో వచ్చును. మొదటి మూడును ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అను మూడు ప్రమాణములకే వినియోగింపబడినవి. భగవంతుని గూర్చి చెప్పబోవుటకు ముందు, తెలియుట యనగా నేమో చెప్పిన తరువాతనే ముందుకు సాగవలెనని గ్రంథకర్త నియమము. ఇంటి కప్పు గూర్చి మాటలాడుటకు ముందు పునాది చూచుకొనుట వంటిది.

మొదట ఒక సందేహమును తీర్చుకొందము. నమ్మినది నిజమైనచో చాలదా? అది జ్ఞానము కాదా?

చాలదు. దీనిని పన్నెండవ శతాబ్దమున శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యమున చక్కగా చూపినాడు. మన తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. శ్రీనాథుడు శృంగార నైషధముగా తెలిగించిన నైషధీయచరితము ఆయనదే. ఒకడు గుప్పిటిలో గవ్వలు పట్టుకొని ఎన్ని యున్నవో చెప్పుమనెను. ఎదుటివాడు నోటికి వచ్చినట్లు ఐదు అనెను. విప్పి చూడగా ఐదే యున్నవి. ఆ చెప్పినవాడు 'తెలిసి' చెప్పినాడందుమా? అనము. మాట నిజమైనది గాని వానికి ఎరుక లేదు. మరొక ఉదాహరణము మన వరిపొలముల వారికి ఇంకను దగ్గరిది. మార్గశిర పుష్య మాసములలో తెల్లవారుజామున ముదినేపల్లి నుండి కొల్లేటి వైపు చూచినచో మంచు పొగవలె లేచుచుండును. దానిని పొగయే అనుకొని, అక్కడెవరో నిప్పు వేసినారని ఒకడు నిశ్చయించెను. ఆ మంచు వెనుక నిజముగనే ఒక కాపు చలిమంట వేసికొని కూర్చుండి యుండవచ్చును. నిప్పు ఉన్నది, వాని నమ్మిక నిజమే. కాని పొగను చూడకయే పొగయనుకొన్నాడు గనుక వాని నిశ్చయము ప్రమ కాదు, కాకతాళీయము. 1963లో ఎడ్మండ్ గెటియర్ అను అమెరికా తత్త్వవేత్త మూడు పుటల వ్యాసమున ఇటువంటి చిక్కునే లేవదీసి పాశ్చాత్య విద్వాంసులను కలవరపెట్టినాడని విందుము. మన తార్కికులకు ఆ చిక్కు ఎనిమిది వందల యేండ్ల నాడే తగిలినది.

కావున నిజమునకు, ఉత్త నమ్మికకు భేదము ఫలితములో మాత్రమే చూడరాదు, వచ్చిన త్రోవలో చూడవలెను. ఏ త్రోవన ఈ ఎరుక కలిగినది? ఆ త్రోవలో దోషమున్నదా? ఈ రెండు ప్రశ్నలే ప్రమాణశాస్త్రము. తక్కినదంతయు విస్తరము.

ప్రత్యక్షము అందరికిని తెలిసినదే గనుక దానిని గూర్చి ఎక్కువ వ్రాయను. అయితే కంటికి కనబడినదెల్ల ఉన్నది ఉన్నట్లే యని భ్రమపడవలదు. గర్భాలయములోని అఖండదీపమును చూడుడు. సాయంకాలము చూచిన జ్వాలయే తెల్లవారి కూడ వెలుగుచున్నదని కన్ను చెప్పును. కాని నూనె తరిగినది, వత్తి కాలినది. క్షణక్షణము క్రొత్త నూనె, క్రొత్త వత్తికొస కాలి క్రొత్త జ్వాల పుట్టుచున్నదని అనుమానము చెప్పును. ఇక్కడ అనుమానమే గెలుచును. జ్వాలలు ఒకదానినొకటి పోలియుండుటచే కన్ను ఏకత్వమును భ్రమించినదని కారణము కూడ చూపగలము. భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఈ జ్వాలా దృష్టాంతమును చర్చించినారు. గమనింపవలసినది ఇది: ప్రత్యక్షమును కాదనవలెనన్నచో అది ఎందుకు పొరబడినదో కారణము చూపవలెను. కారణము చూపలేని వాడు 'నీ కన్ను తప్పు' అనుటకు అధికారి కాడు.

1995 సెప్టెంబరు 21వ తేదీన దేశమంతట వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవని ప్రచారమైనది. ఉదయమున ఢిల్లీలో పుట్టిన వార్త సాయంకాలమునకు సముద్రములు దాటి విదేశములలోని దేవాలయములకు కూడ ప్రాకినది. చెంచాతో తొండమునకు పాలు తాకించినవారు పాలు తరుగుట కన్నులార చూచినారు. వారు అబద్ధమాడలేదు. పాలు తరిగినమాట నిజము. 'స్వామి త్రాగినాడు' అనునది మాత్రము కన్ను చూచినది కాదు, మనస్సు చేర్చినది. శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి పట్టగా ఆ రంగు విగ్రహము మీదుగా సన్నని పొరయై క్రిందికి జారుట కనబడినది. ద్రవపదార్థము తాకిన ఉపరితలమున ప్రాకెడి స్వభావమే అందులకు కారణమని వివరించినారు. మన భాషలో దీనిని అన్వయవ్యతిరేకములతో పరీక్షించుట అందురు. విగ్రహము కాని రాతికి పట్టినను పాలు అట్లే తరిగినచో, విగ్రహత్వము దానికి కారణము కాజాలదు. ఆ దినమున పాలు సమర్పించిన భక్తుల నివేదన వ్యర్థమైనదని నేననను. నివేదించుట ఒకటి, జరిగినదేమో చెప్పుట వేరొకటి.

అనుమానము దగ్గరకు వత్తము. ఇక్కడ ప్రాణము వ్యాప్తి. పొగ యున్నచోట నెల్ల నిప్పుండునను నియమము నిలిచినప్పుడే పొగను చూచి నిప్పును చెప్పగలము. మనుష్యులు చేయు పొరబాట్లలో ఎక్కువ భాగము ఈ వ్యాప్తి దగ్గరనే జరుగుచున్నవి. నాలుగుసార్లు చూచినదానిని ఎల్లప్పుడు అట్లే యనుకొందురు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెనని చదువరులను కోరుచున్నాను. ఉప్పెన ప్రస్తావనలో మరల అవసరపడును.

మంచి అనుమానము ఎట్లుండునో చూపుటకు మన బందరు, గుంటూరులలోనే ఒక గొప్ప ఉదాహరణమున్నది. 1868 ఆగష్టు 18వ తేదీన మన సీమలో సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. దానిని పరిశీలించుటకు ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చినాడు. చెన్నపట్టణపు నక్షత్రశాలాధికారి పోగ్సన్ మచిలీపట్నములో దిగినాడు. సూర్యబింబము మూయబడినప్పుడు దాని అంచున లేచెడి జ్వాలల వెలుగును కాంతిని విడదీయు యంత్రముతో చూడగా ప్రకాశమానమైన గీతలు కనబడినవి. అందొకటి పసుపుపచ్చనిది. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండున లాకియర్ గ్రహణము లేకయే ఆ గీతను చూడగలిగినాడు. ఉప్పులో ఉండు సోడియము గీతకు అది దగ్గరగా నుండినను దానితో కలియలేదు. భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకు ఆ గీత లేదు గనుక సూర్యునిలో వేరొక మూలపదార్థము ఉండవలెనని అనుమానము. దానికి సూర్యుని గ్రీకు పేరుమీదుగా హీలియమని పేరు పెట్టిరి. అనేకులు నమ్మలేదు. నమ్మకపోవుట తప్పు కాదు. వ్యాప్తి బలము అప్పటికి చాలలేదు. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజమునుండి వెలువడిన వాయువులో సరిగా ఆ గీతనే చూచినప్పుడు వాదము ముగిసినది. ఇరువదియేడేండ్లు ఆ అనుమానము సంవాదము కొరకు వేచియున్నది. సంవాదమనగా, వేరొక త్రోవన వచ్చిన జ్ఞానము మొదటి జ్ఞానముతో ఏకీభవించుట. బందరు, గుంటూరుల ఆకాశమున మొదలైన సంగతి లండనులో ఒక గాజుగొట్టములో స్థిరపడినది.

గ్రహణము మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పి ముందుకు పోదును. రాహువు మ్రింగునని పురాణము చెప్పుచుండగా నీడ పడుటయని చెప్పుట నాస్తికత్వమని కొందరు భయపడుదురు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి గ్రంథమున గ్రహణమునకు కారణము ఛాయయేనని చెప్పినాడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో అదే చెప్పినాడు. నాటినుండి నేటివరకు ఏ పంచాంగకర్తయు రాహువు ఆకలిని లెక్కించి గ్రహణ కాలమును చెప్పలేదు. ఛాయను లెక్కించియే స్పర్శ మోక్ష కాలములు చెప్పినాడు. స్నానము, జపము విధింపబడినవి గనుక చేయుచున్నాము. విధికి లెక్కకు పోరు లేదు.

ఇంక శబ్దప్రమాణము. వైష్ణవులమైన మనకు ఇదియే ముఖ్యము. విశేషముగా తగవులన్నియు ఇక్కడనే.

మనకు తెలిసినదానిలో పదింట తొమ్మిది పాళ్ళు ఇతరుల మాటవలననే తెలిసినది. నేను పుట్టిన దినము నాకు తల్లిదండ్రులు చెప్పగా తెలిసినది. కాశీ ఉన్నదని చూడని వానికి కూడ తెలియును. కావున మాట ప్రమాణము కాదనువాడు తన పేరు కూడ తెలియదని ఒప్పుకొనవలెను. అయితే ఎవరి మాట? ఆప్తుని మాట. ఆప్తుడనగా చుట్టము కాదు, మనకు ఇష్టుడు కాదు, పెద్ద పదవిలో ఉన్నవాడు కాదు. విషయమును స్వయముగా ఎరిగియుండి, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు తెలుపగోరి చెప్పువాడు. న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు ఈ లక్షణమును చెప్పి, ఇది ఋషులకు ఎంత చెల్లునో మ్లేచ్ఛులకును అంతే చెల్లునని ధైర్యముగా వ్రాసినాడు. ఈ సంగతిని మనవారు తరచుగా మరచుచుందురు. ఏ విషయమున ఎవడు ఎరిగినవాడో ఆ విషయమున వాడే ఆప్తుడు. నన్ను పాణిని సూత్రము అడుగవచ్చును. పంటకాలువకు ఎప్పుడు నీరు వదలుదురో అడిగినచో నా మాటకు విలువ లేదు.

మాటలో దోషములు నాలుగని పెద్దలు లెక్కించినారు. భ్రమ, చెప్పువాడే పొరబడుట. ప్రమాదము, తెలిసియు ఏమరుపాటున తప్పు చెప్పుట. విప్రలిప్స, మోసగింప గోరుట. కరణాపాటవము, అనగా చెప్పు సాధనమునకు పటుత్వము లేకపోవుట. గొంతు వినబడకపోవుట, భాష అర్థముగాకుండుట. నేడు చేతిఫోనులో ఎవరు పంపిరో తెలియని వార్త వచ్చినప్పుడు ఈ నాలుగింటిని వరుసగా అడిగి చూడుడు. మొదటివాడెవడో తెలియదు గనుక నాలుగింటిలో ఒక్కదానికిని సమాధానము దొరకదు. పదిమంది పంపినంత మాత్రమున పదిమంది సాక్షులు కారు. ఒకే సాక్షి పదిసార్లు పలికినట్లే. తరతరములుగా వచ్చు మాటకు 'ఐతిహ్యము' అని పేరు. మొదట చెప్పినదెవరో తెలియకపోవుటయే దాని లక్షణము. పౌరాణికులు దానిని ప్రత్యేక ప్రమాణమనిరి. తార్కికులు, మూలమున ఆప్తుడున్నచో అది శబ్దములో చేరును, లేనిచో ప్రమాణమే కాదనిరి. వైష్ణవులకు ఇది ఎబ్బెట్టుగా తోచవచ్చును గాని, వేదమును అపౌరుషేయమని మనము చెప్పుటకు కారణము కూడ ఈ దోషవిచారమే. వక్త లేని చోట వక్తృదోషము లేదని మీమాంసకుల వాదము. నమ్మవలెను గనుక నమ్ముమని వారు ఎన్నడును అనలేదు.

వాక్యమును ఒప్పుకొన్న తరువాత కూడ పని ముగియలేదు. ఆ వాక్యము ఏమి చెప్పుచున్నదో తెలియవలెను. ఈ పనికి మీమాంసకులు ఇచ్చిన పనిముట్టు అర్థవాద విభాగము. దానిని మన కృష్ణాతీరమున ఉంచి చూతము.

కృష్ణానది పాయ ఒకటి హంసలదీవి దగ్గర సముద్రమున కలియుచున్నది. అక్కడ వేణుగోపాలస్వామి ఆలయమున్నది. మాఘ పూర్ణిమకు వేలాది జనము సాగరసంగమ స్నానమునకు పోవుదురు. జనుల పాపములను కడిగి కడిగి కాకి రూపమైన గంగ అనేక తీర్థములలో మునిగి తిరిగి, చివరకిక్కడ మునిగినంతనే హంస యైనదనియు, అందువలననే ఆ పేరు వచ్చినదనియు స్థలపురాణము. ఇప్పుడు మూడు మాటలు తీసికొందము. కృష్ణ సముద్రమున కలియుచున్నదనుట మొదటిది. ఇది కన్నులకు కనబడుచునే యున్నది. శాస్త్రము చెప్పవలసిన పని లేదు. ఇటువంటిదానిని అనువాదమందురు. కాకి హంస యైనదనుట రెండవది. ఆ సంగమమున నేటికిని కాకులు మునుగుచున్నవి, నల్లగానే ఎగిరిపోవుచున్నవి. ప్రత్యక్షముతో విరోధించునప్పుడు ఆ వాక్యమునకు ముఖ్యార్థము విడిచి గుణమును పట్టుకొనవలెను, అది గుణవాదము. మలినమును పోగొట్టు తీర్థమిదియని స్తుతించి, స్నానమునకు ప్రవర్తింపజేయుట దాని తాత్పర్యము. 'నిజమా, అబద్ధమా' అని దానిని ఈడ్చుట, పొగడ్తలో 'నీవు సింహమవు' అన్నచో తోక ఎక్కడ అని వెదకుట వంటిది. దివిసీమ కవి కాసుల పురుషోత్తముడు ఆంధ్రనాయక శతకమున స్వామిని ఆసాంతము దెప్పుచునే స్తుతించినాడు. అది నిందయని ఎవరైన కోపించిరా? తాత్పర్యము తెలిసినవారు గనుక ఆనందించిరి.

మూడవ మాట కొరకు ఆ శతకమునకు నాయకుడైన స్వామి సన్నిధికే పోవలెను. ఘంటసాల దగ్గర, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళమున్నది. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోవుచు అక్కడ ఆగి, హరివాసరమున ఉపవసించి, ఆంధ్ర మహావిష్ణువును సేవించి, ఆ రాత్రి చివరి జామున కలలో స్వామి దర్శనము పొందినాడనియు, గోదాదేవి కల్యాణ కథను తెలుగున చెప్పుమని ఆజ్ఞ అయినదనియు ప్రసిద్ధి. ఆముక్తమాల్యద అట్లు పుట్టినది. ఇది కాకి కథ వంటిదా?

కాదు. మొదలు చెప్పినవాడెవడో ఇక్కడ తెలియును. రాయలే తన కావ్యపు పీఠికలో చెప్పుకొన్నాడు. కల కన్నవాడు, చెప్పినవాడు ఒక్కడే. పరంపరలో వినికిడి కాదు. రాయలు 1509 నుండి 1529 వరకు ఏలినాడనియు, కళింగముపై దండెత్తినాడనియు శాసనములు వేరుగా చెప్పుచున్నవి, అది సంవాదము. స్వప్నము కలుగుట ప్రత్యక్షమునకు విరుద్ధము కాదు. మరొక ప్రమాణముచే తెలియవచ్చినదియు కాదు. విరోధము లేక, వేరు త్రోవన తెలియనిదై యుండు మాటను భూతార్థవాదమని, ఉన్న సంగతిని చెప్పునదిగా గ్రహించుట న్యాయము. వేదవాక్యమునకు ఏర్పడిన విభాగమును రాజు మాటకు వర్తింపజేయుచున్నానని పండితులు ఆక్షేపింపవచ్చును; యుక్తి సమానమే గనుక దోషము లేదు. ఆలయమున ఆముక్తమాల్యద మండపమని ఒకదానిని చూపి, రాయలు విశ్రమించినది ఇక్కడనే అని చెప్పుచుందురు. అది కావ్యములో లేదు. రాయలు కల కన్నాడనుట ఆప్తవాక్యము, ఈ మండపముననే యనుట ఐతిహ్యము. ఒకే ఆలయములో, ఒకే కథలో, రెండు తెరగుల మాటలు ప్రక్కప్రక్కనే యున్నవి. యాత్రికుడు రెంటిని ఒకే బరువుతో తూచరాదు. ఇంక కలలో కనబడినది స్వామియేనా, రాయల మనోవాసనయా అని అడుగువారుందురు. స్వప్న పదార్థములను కూడ ఈశ్వరుడే ఆయా జీవుల కర్మానుగుణముగ సృజించునని రామానుజ సిద్ధాంతము. అది శాస్త్రముచే తేలవలసిన విషయమే గాని, శాసనముల వలన తేలదు. చరిత్రకారుడు దానిని కాదనజాలడు, ఔననజాలడు. ఏ ప్రశ్నకు ఏ ప్రమాణము వర్తించునో తెలియుటయే ఇక్కడ మెలకువ.

ఇంతవరకు చెప్పినది విద్యావినోదమని తోచినచో, ఇప్పుడు చెప్పబోవునది ప్రాణములతో కూడిన సంగతి.

1977 నవంబరు 19వ తేదీ, శనివారము. కార్తిక మాసము, వరి చేతికి వచ్చు కాలము. ఆ దినమున దివిసీమ మీదికి సముద్రము లేచి వచ్చినది. ఇంచుమించు పదునైదు అడుగుల ఎత్తున నీటిగోడ వచ్చి సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళను తుడిచిపెట్టినది. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు దాదాపు పదివేలమంది. ఈ వ్యాసము చదువువారిలో ఆ రాత్రి తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములు తప్పక ఉందురు. కావున ఈ మాటలను జాగ్రత్తగా వ్రాయుచున్నాను.

తుపాను వచ్చుచున్నదని హెచ్చరిక వెలువడినది. అది అన్ని ఊళ్ళకు చేరలేదు. చేరినచోట కూడ చాలమంది కదలలేదు. ఎందుకు? 'ప్రతి యేడును గాలివాన వచ్చునన్నారు, వచ్చినది, పోయినది, సముద్రము ఇంతవరకు ఎన్నడు రాలేదు' అనునది ఒక నమ్మిక. దీనిని అనుమానముగా పేర్చి చూతము. మా జ్ఞాపకమున సముద్రము రాలేదు, కావున రాదు. వ్యాప్తి ఎక్కడ? ఒక మనుష్యుని జ్ఞాపకము అరువది యేండ్లు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ఉప్పెన ముంచినప్పుడు ముప్పదివేలమంది వరకు మరణించినారని దొరతనపు వ్రాతలలో ఉన్నది. ఆ నీరు చూచినవారు 1977 నాటికి ఒక్కరును లేరు. చూడలేదనుట ఒకటి, లేదనుట మరొకటి. చూడవలసిన చోట, చూడవలసినంత కాలము, చూడగల స్థితిలో ఉండి చూచినను కనబడకపోయినప్పుడే 'లేదు' అనవచ్చును. దీనిని యోగ్యానుపలబ్ధి యందురు. అరువదియేండ్ల జ్ఞాపకము నూరేండ్ల కొకసారి వచ్చు నీటికి యోగ్యము కాదు.

అయితే తప్పంతయు వారిదే యనుట మహాపచారము. వినిపించిన వారి వైపు కూడ నాలుగు దోషములను వెదకవలెను గదా. విప్రలిప్స లేదు. భ్రమ కొంత యున్నది. తుపాను ఎక్కడ తీరము దాటునో ముందుగా నిశ్చయముగా చెప్పుటకు నాటి సాధనములు చాలవు. అసలు దోషము కరణాపాటవము. రేడియో లేని గుడిసెకు రేడియో మాట ఎట్లు చేరును? చేరినను 'పెనుగాలి, భారీవర్షము' అని విన్నవానికి సముద్రము తన గుమ్మమునకు వచ్చునని ఎట్లు తెలియును? మచిలీపట్నం రేవులో ఎగురవేయు ప్రమాద సూచికల సంఖ్యలు ఓడవానికి అర్థమగును, పొలములోని కూలికి కావు. పదవ నెంబరు మహాప్రమాదమని వాని కెవరు చెప్పిరి? తెలిసి కదలిననేమి, పోవుటకు సరియైన బాట లేదు, నిలుచుటకు మేడ లేదు. ఆప్తుడు ఎరిగియుండుట చాలదు, వినువానికి అందునట్లు చెప్పవలెను. శబ్దము వినబడినప్పుడే శబ్దప్రమాణము.

పదమూడేండ్లకు, 1990 మే 9వ తేదీన, అంతటి ప్రచండమైన తుపాను కృష్ణా ముఖద్వారము దగ్గరనే తీరము దాటినది. ఈసారి మాట ముందుగా చేరినది. అధికారులు లక్షలాది ప్రజలను లోతట్టు ఊళ్ళనుండి తరలించినారు. మునుపటి ఉప్పెన తరువాత కట్టిన తుపాను రక్షణ గృహములు ఆదుకొన్నవి. అప్పుడు సుమారు వేయిమంది మరణించినారు. వేయి ప్రాణములు తక్కువ కాదు. కాని సముద్రము అదే, సీమ అదే. నైయాయికులు జ్ఞానము నిజమా కాదా అనుటకు ప్రవృత్తి సామర్థ్యమును, అనగా ఆ జ్ఞానమును పట్టుకొని నడచినచో పని నెరవేరుటను గుర్తుగా చెప్పినారు. ఎండమావిని నీరనుకొని పోయినవాని దప్పి తీరదు, చెరువునకు పోయినవాని దప్పి తీరును. ఆ వేసవిలో మాట నమ్మి కదలినవారు బ్రదికినారు.

'స్వామి రక్షించునని నమ్మినవానికి ఈ లెక్కలన్నియు ఎందుకు? శరణాగతికి మహావిశ్వాసము అంగము గదా?' అని ఒక వైష్ణవుడు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. మహావిశ్వాసము అంగమే, సందేహము లేదు. అయితే ఏమని విశ్వాసము? తన్ను శరణుజొచ్చినవానిని స్వామి విడువడని. ఈ విశ్వాసము శాస్త్రమువలన, ఆచార్యోపదేశము వలన కలిగిన జ్ఞానమును ఆశ్రయించి పుట్టినది, ఊరక పుట్టినది కాదు. 'ఈ రాత్రి నా గుడిసెలోనికి నీరు రాదు' అని స్వామి ఎక్కడను ప్రతిజ్ఞ చేయలేదు. చేయని ప్రతిజ్ఞను చేసినట్లు నమ్ముట విశ్వాసము కాదు, స్వామికి లేని మాటను అంటగట్టుట. ఆ అంగముల పట్టికలోనే ప్రాతికూల్య వర్జనము కూడ ఉన్నది. పసిబిడ్డలను, గోవులను గట్టుపైకి చేర్చుటకు వీలుండియు చేర్చకుండుట ఏ అనుకూల్యమగును? రక్షింప దలచినవాడు దండోరా వేయువాని నోటను రక్షింపరాదను నియమము లేదు. గజేంద్రునికి స్వయముగా వచ్చినాడు, ద్రౌపదికి కనబడకయే వచ్చినాడు.

ఇంక మాఘ పూర్ణిమకు హంసలదీవి పోదలచిన యాత్రికుల కొక మాట. స్నానసంకల్పమును, తర్పణ విధిని అక్కడి అర్చకస్వాములను, మీ ఇంటి పురోహితులను అడుగుడు. నీరు ఎంత లోతో, పోటు ఎప్పుడో, ఏ గట్టున ఇసుక కాలిక్రింద జారునో ఆ తీరమున వలలు వేయు పల్లెకారులను అడుగుడు. పోలీసువారు హద్దు గీచినచోట ఆగుడు. వృద్ధులు ఒడ్డుననే నీటిని శిరసున చల్లుకొన్నను స్నానఫలమునకు లోపము లేదు. స్నానము ముగిసిన తరువాత తడిబట్టలతోనే తొందరపడక, వేణుగోపాలుని సేవించుకొని, వీలున్నవారు తిరుగు ప్రయాణమున శ్రీకాకుళములో ఆంధ్ర మహావిష్ణువును కూడ దర్శింపవచ్చును.